పేర్లు తుడిచే పని

"ఈ పేరులో ప్రశ్నార్థకం ఉంది, తీసేయండి" అన్నాడు భర్త, ఆమె బల్ల పక్కనుంచి ఆగకుండా నడిచి వెళ్తూ.

ఆఫీసులో అతను ఆమెను ‘మీరు’ అంటాడు. ఆ మన్నన చూసి రేడియో స్టేషన్లో అందరూ ముచ్చటపడతారు. ఇంటికెళ్ళి గుమ్మంలో చెప్పులతోపాటే ఆ ‘మీరు’ను కూడా విడిచేస్తాడని వాళ్ళకి తెలియదు. ఆమె తెరమీది పేరు చూసింది. ‘ఇల్లు ఎవరిది?’ నిన్న రికార్డు చేసిన కార్యక్రమం. మాటల మధ్య ఖాళీ చెరిపి అక్కడ ఒక కింది గీత పెట్టింది. చివర ప్రశ్నార్థకం చెరిపింది. గొంతు పెంచి అడిగిన ప్రశ్న కాస్తా ఎవరో గొణిగిన మాటలా మిగిలింది. తర్వాతి పేరుకు వెళ్ళింది.

ఇదే ఆమె ఉద్యోగం. స్టేషన్లో రోజూ తయారయ్యే రికార్డింగులన్నీ ఒక ఫోల్డరులో పడతాయి. వాటిని ఒక్కొక్కటిగా కుదించి, దాచే చోటికి పంపి, ఆ తర్వాత అసలును ఫోల్డరులోంచి తీసేసే స్క్రిప్టు, అంటే కంప్యూటరుకి వరసగా రాసిపెట్టిన ఆజ్ఞల చిట్టా, ఒకటుంది. కార్యక్రమం పేరు అందిస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. రాసింది ఆమె భర్తే. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక్క ఆదివారం కుర్చీలోంచి లేవకుండా రాసి పడేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆదివారమే పాపకి జ్వరం పేలిపోతుంటే ఆమె ఒక్కతే చంకనేసుకుని ఆస్పత్రి మెట్లెక్కి దిగిన సంగతి ఆ కథలోకి రాదు.

ఆ స్క్రిప్టుకి ఒళ్ళంతా సున్నితం. పేరులో అక్షరాలూ కింది గీతా తప్ప ఇంకేం తగిలినా తట్టుకోలేదు. ఖాళీ తగిలితే ఒక పేరును రెండు ముక్కలు చేసి రెండు పేర్లనుకుంటుంది. ప్రశ్నార్థకం తగిలితే ‘ఇక్కడ ఏ అక్షరమైనా పర్వాలేదు’ అని అర్థం చేసుకుంటుంది. అందుకని స్క్రిప్టు ముందు కూర్చుని దానికి దెబ్బ తగలకుండా పేర్లు తుడిచిపెట్టే మనిషి ఒకరు కావాల్సొచ్చింది. పాప బడికెళ్ళే వయసొచ్చాక, మళ్ళీ ఉద్యోగం అని ఆమె నోరు తెరిచినప్పుడు ఆ ఖాళీ ఉంది. "మళ్ళీ మొదలుపెట్టడానికి ఇది బాగుంటుంది. బుర్ర పెట్టక్కర్లేదు" అన్నాడు భర్త. అదే కాలేజీలో, అదే తరగతిలో, పరీక్షల ముందు ఆమె రాసుకున్న నోట్సు అరువు తీసుకుని చదివినవాడు. "కూర్చుని చేసే పనేగా, ఇంటికొచ్చేసరికి అలిసిపోకుండా ఉంటావు" అని అత్తగారు కూడా సంతోషించింది. స్టేషన్లో ఆమెకు ‘పేర్ల మేడమ్’ అని పేరొచ్చింది. పిలిచేవాళ్ళు నవ్వుతూ పిలుస్తారు, ఆమె నవ్వుతూ పలుకుతుంది.

చేరిన మొదటి వారంలోనే ఆమె ఆ స్క్రిప్టు తెరిచి చదివింది. తప్పెక్కడుందో ఇట్టే తెలిసింది. పేరును అందుకున్న చోట దాని చుట్టూ కొటేషన్ గుర్తులు లేవు. ఆ రెండు గుర్తులూ ఉంటే ‘ఇదంతా కలిపి ఒకటే పేరు, లోపల ఏమున్నా నువ్వు అర్థాలు తీయొద్దు’ అని యంత్రానికి చెప్పినట్టు. అవి లేకపోతే పేరులోని ప్రతి గుర్తూ దానికో ఆజ్ఞ. పేరు వాడిన ప్రతి చోటా ఆ గుర్తులు పెట్టుకుంటూ పోతే, టీ చల్లారేలోపు అయిపోయే పని.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె నవ్వుతూ మొదలుపెట్టింది. "ఇవాళ ఏమైందో తెలుసా? ‘అమ్మ & నేను’ అని ఒక కార్యక్రమం. పేరు అలాగే టైపు చేశాను. మధ్యలో ఆ గుర్తు చూసి మీ స్క్రిప్టు, మాట అక్కడితో అయిపోయిందనుకుని, ‘అమ్మ’ను తీసుకుని పనిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన ‘నేను’ను ఇంకో ఆజ్ఞ అనుకుంది. అనుకుని, ‘నేను: అలాంటిదేదీ ఇక్కడ లేదు’ అని జవాబిచ్చింది!"

పాప పకపకా నవ్వింది. భర్త నవ్వలేదు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "ఇంట్లో ఆఫీసు మాటలెందుకు?" అన్నాడు. అత్తగారు కూడా, "తిండి దగ్గర వాడి పనిలో లోపాలు ఎంచకమ్మా, ఒంటికి పట్టదు" అంది.

సరే, ఆఫీసు మాట ఆఫీసులోనే చెబుదామని మర్నాడు అతని గదికి వెళ్ళింది. సరిచేసిన కాపీ తెరిచి చూపించబోయింది. అతను లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఇక్కడ నువ్వు నా భార్యవన్న చనువు చూపిస్తే నాకు తలవంపులు. పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు. పేర్లు తుడువు చాలు" అన్నాడు. ఆఫీసులో అతను ఆమెను ‘నువ్వు’ అన్నది ఆ తలుపు వెనకే.

ఇంట్లో ఆఫీసు మాటలొద్దు. ఆఫీసులో ఇంటి చనువొద్దు. మరెక్కడ చెప్పాలి? రెండిటికీ మధ్య కారు ప్రయాణం ఉంది. కారులో అతను వార్తలు వింటాడు. ఆమె ఆ సంగతి తలుచుకుని ఒక్కోసారి ఒంటరిగా నవ్వుకునేది, ఒక్కోసారి పళ్ళు బిగబట్టేది. తను చెప్పే మాటకి ఈ భూమ్మీద నిలబడడానికి చోటు లేదు. అలా అని చెప్పడం మానలేదు. వంట చేస్తూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి, లిఫ్టు దగ్గర ఒకసారి. ‘చూస్తాలే’ అనేవాడు. ‘చూస్తాలే’ అంటే చూడనని ఆమెకు తెలుసు. కుళాయి కారుతోందన్నప్పుడూ అదే మాట, పాప బడికి ఒక్కసారి రమ్మన్నప్పుడూ అదే మాట. చివరికి ఆ కుళాయి కింద ఆమె గిన్నె పెట్టేది. నిండినప్పుడల్లా ఒంపేది. ఆఫీసులో చేస్తున్నదీ అదే కదా అని ఒకరోజు తట్టింది. ఆమె చేతులు ఆడుతున్నంతకాలం కుళాయి బాగున్నట్టే లెక్క. స్క్రిప్టు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పు చేయలేదని అతను సమావేశాల్లో చెప్పుకునేవాడు. నిజమే. ఆమె చేయనివ్వలేదు.

ఆ ఏడు స్టేషన్లో ఒక కొత్త కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపేది అందరూ ‘మైకక్క’ అని పిలిచే పెద్దావిడ. జుట్టు నెరిసినా గొంతు నెరవలేదు. ఊళ్ళు తిరిగి, వంటగదుల్లో, కుట్టుమిషన్ల పక్కన, కర్మాగారాల గేట్ల దగ్గర ఆడవాళ్ళ చేత మాట్లాడించి తెచ్చేది. ఎప్పుడూ ఎవరితోనూ చెప్పని మాటలు అవి. పేర్లు కూడా ఆవిడ ముచ్చటగా పెట్టేది, ప్రశ్నలూ బ్రాకెట్లూ ఆశ్చర్యార్థకాలూ దట్టించి. "నీకు పని పెడుతున్నానేమో కదే" అనేది ఆమెతో. "పర్లేదక్కా, మీరు పెట్టండి. నేను తుడుస్తా" అనేది ఆమె. తుడిచే ముందు మాత్రం ఒకసారి పేరును ఉన్నదున్నట్టు చదువుకునేది.

అత్తగారికి కంటి పరీక్ష ఉన్న రోజు అది. మధ్యాహ్నం నుంచి సెలవు కావాలి. కొడుక్కి తీరదు, కోడలికి తీరుతుంది. అది ఇంట్లో ఎవరూ తీర్మానించని తీర్మానం. ఆమె బయల్దేరబోతుండగా మైకక్క వారం రోజుల తిరుగుడు ముగించుకుని వచ్చి, తెచ్చిన రికార్డింగులన్నీ ఫోల్డరులో పోసింది. ఆమె వంగి చూసింది. ఒకదాని పేరు ‘* చెప్పిన మాట’.

"ఇదేంటక్కా, స్టార్ గుర్తు?"

"పేరు చెప్పొద్దంది ఆ పిల్ల. మొగుడు వింటే చంపేస్తాడట. పేరు లేని మనిషిని ఎలా పిలవను? అందుకని చుక్కను పెట్టాను. బావుందా?"

"బావుంది" అంది ఆమె. నిజంగానే బావుంది. కానీ ఆ స్టార్ గుర్తుకి యంత్రం భాషలో ‘ఇక్కడున్నవన్నీ’ అని అర్థం. ఇప్పుడు తుడిచే వ్యవధి లేదు, ఆస్పత్రిలో సమయం మించిపోతుంది. గబగబా భర్త గదికి వెళ్ళింది. అతను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర చూస్తున్నాడు. "ఇవాళ స్క్రిప్టు నడపకండి. మైకక్క తెచ్చినవాటి పేర్లు చూడలేదింకా. రేపొచ్చి చేస్తాను" అంది. అతను హెడ్‌ఫోన్లు తీయకుండానే చెయ్యి ఊపాడు. విన్నాడనుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఊపడాన్ని విన్నట్టుగానే లెక్కేసుకుంటూ వచ్చింది.

ఆస్పత్రిలో అత్తగారి కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా ఉన్నదంతా మసకేసరికి ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చూపు ఆగిపోతే మాట పెరుగుతుందేమో, చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టింది. "మీ ఆయన చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే, పక్కనెవరుంటే వాళ్ళ మీద పెట్టేసేవాడే. ఒకసారి అద్దం పగలగొట్టి, నేనే పగలగొట్టానని నన్నే నమ్మించాడు. మీ మామగారు నన్ను తిట్టారు కూడానూ" అని ముసిముసిగా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అప్పుడే ఫోను మోగింది.

మైకక్క. "అన్నీ పోయాయే" అంది. "ఫోల్డరు ఖాళీగా ఉంది. ఒక్కటీ లేదు."

ఆమె అత్తగారిని ఇంటికి చేర్చి, స్టేషన్‌కి పరుగెత్తింది. అందరూ ఒక కంప్యూటరు చుట్టూ మూగి ఉన్నారు. వారం చివర తీసే నకలు ఇంకా తీయలేదు. పోయినవాటిని వెనక్కి లాగే ప్రయత్నం ఏదో చేశారు. వచ్చినవి ముక్కలు. ఒకచోట సగం దగ్గు. ఒకచోట కుట్టుమిషను చప్పుడు. ఇంకోచోట ఒక ఆడగొంతు ‘అప్పుడు నేనేమన్నానంటే’ అని ఆగిపోయింది. మైకక్క దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వింటోంది.

ఆ రాత్రి ఇంట్లో, పాలు పొంగకుండా స్టవ్ దగ్గర నిలబడి ఉన్న ఆమె దగ్గరికి భర్త వచ్చాడు. వంటగదిలోకి అతను రావడమే అరుదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"రేపు డైరెక్టరుగారు మీటింగు పెట్టారు. నువ్వు ఒక్క మాట అనేసెయ్. పేర్లు తుడవడం మర్చిపోయి వెళ్ళిపోయానని."

"నేను మర్చిపోలేదు. నడపొద్దని మీకు చెప్పి వెళ్ళాను."

"చెప్పావేమో, నాకు వినపడలేదు. ఫోల్డరు నిండిపోయింది, నడిపాను. ఇప్పుడది కాదు విషయం. నాకు ఈ నెలలో పై పదవికి ఇంటర్వ్యూ ఉంది. నా స్క్రిప్టు వల్ల పోయాయంటే అది ఇక అంతే. నీకైతే ఏముంది? ఒక మాటంటారు, నువ్వు సారీ అంటావు, అయిపోతుంది. నీ ఉద్యోగానికి పోయేదేముంది చెప్పు?"

పాలు పొంగాయి. ఆమె స్టవ్ కట్టేసింది. ‘నీ ఉద్యోగానికి పోయేదేముంది’ అనే మాట చాలాసేపు చెవిలో గింగురుమంది. అతను కోప్పడలేదు, బెదిరించలేదు. పక్కింటివాళ్ళని కాస్త నిచ్చెన అడిగినంత మామూలుగా అడిగాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు. పొంగిన పాలు తుడుస్తూ, ఇంతకుముందు తను చెప్పిన సారీలన్నీ తలుచుకుంది. అత్తగారి మాటకి అతను విసుక్కుంటే ఆవిడకి తను చెప్పిన సారీ. పాప టీచరు దగ్గర, తండ్రి రానందుకు సారీ. పుట్టింట్లో అతను ముభావంగా కూర్చుంటే, ‘ఆయనకి తలనొప్పి’ అంటూ అందరికీ సారీ. ఇదొకటి ఎక్కువా? రేపు పొద్దున్న అనేస్తే సరిపోతుంది. నిజంగానే అలా అనుకుంది. అనుకుని, పాలు చల్లార్చి అందరికీ పోసింది.

మీటింగులో డైరెక్టరమ్మ బల్ల చివర కూర్చుంది. నిద్రలేని మొహం. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. భర్తే మొదలుపెట్టాడు, ఎంతో సౌమ్యంగా. "పేర్ల దగ్గర చిన్న పొరపాటు జరిగిందండీ. ఇంట్లో మా అమ్మకి కంటి పరీక్ష. ఆ హడావుడిలో, పాపం, వీరు..." అని ఆమెవైపు చెయ్యి చూపించాడు. అతని తల్లి కళ్ళే ఆమె తప్పుకి సాకు అయ్యాయి.

డైరెక్టరమ్మ తిరిగింది. "ఏమ్మా, మర్చిపోయారా?"

‘అవునండీ’ అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చేసింది. పెదవులు కదిలాయి కూడా. ఆ లోపు పక్కనుంచి మైకక్క, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా అంది: "నేను ఆ చుక్క పెట్టడం వల్లేనా ఇదంతా? పెట్టకుండా ఉండాల్సిందేమో. ఆ పిల్ల మళ్ళీ చెప్పదు. ఒక్కసారి చెప్పడానికే చీకటిపడేదాకా ఏడ్చింది."

ఆమె అప్పుడు బల్ల చుట్టూ చూసింది. తప్పు ఎత్తుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు పోటీపడుతున్నారు. ఒకావిడ, ఒక పిల్లకి పేరు లేకపోతే చుక్క పెట్టినందుకు. ఇంకొకరు తను, మర్చిపోని పనిని మర్చిపోయినందుకు. భర్త మాత్రం మంచినీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. ఎవరిదో ఒకరిదని తేలేదాకా ఆగుదామన్నట్టు.

"మీ చుక్కలో తప్పు లేదక్కా" అంది ఆమె. గొంతు తనదేనా అనిపించింది. "నేను మర్చిపోనూ లేదు. పేర్లు చూడలేదు, నడపొద్దని చెప్పి వెళ్ళాను. ఈయన నడిపారు. తప్పు స్క్రిప్టులో ఉంది. పేరు చుట్టూ కొటేషన్లు లేవు. చేరినప్పట్నుంచీ చెబుతున్నాను."

ఆఫీసులో అతన్ని ‘సర్’ అనకుండా ‘ఈయన’ అనడం అదే మొదలు. అతని మొహం ఎర్రబడింది. "పెట్టాను కదా కొటేషన్లు! నడిపేటప్పుడు చుట్టూ పెట్టే టైపు చేశాను!" అన్నాడు. అన్నాక గానీ, నడిపింది తనేనని అందరి ముందూ ఒప్పుకున్నట్టయిందని అతనికి తట్టలేదు.

"గుమ్మం దగ్గర పెట్టారు. అందుకే పేరు లోపలిదాకా క్షేమంగానే వెళ్ళింది. అక్కడ మీ స్క్రిప్టు దాన్ని అందుకుని, లోపలి ఆజ్ఞలకి కొటేషన్లు లేకుండా వట్టిగా అందించింది. దాచే ఆజ్ఞ ముక్కలైన పేరుతో తడబడి ఏదీ దాచకుండానే ఆగిపోయింది, చెరిపే ఆజ్ఞ ఆగలేదు. ఆ వరసలో ముందున్నది స్టార్. ‘ఉన్నవన్నీ’ అని చదువుకుని అన్నీ చెరిపింది. బయట ఒకసారి పెడితే చాలదు. లోపల చేతులు మారిన ప్రతిచోటా పెట్టాలి."

ఆమె ఏదో జరుగుతుందనుకుంది. ఏమిటో తనకే తెలియదు గానీ, ఏదో. డైరెక్టరమ్మ కణతలు నొక్కుకుని, "చూడండి, మీ ఇద్దరూ ఇంట్లో తేల్చుకోవాల్సినవి ఇక్కడికి తేకండి. సరిచేసేదెవరు? అది చెప్పండి" అంది.

"నేను చేస్తాను" అన్నాడు భర్త వెంటనే.

మధ్యాహ్నానికల్లా స్టేషన్లో అందరికీ మెయిలు వచ్చింది. స్క్రిప్టును మరింత పటిష్ఠంగా తీర్చిదిద్దామనీ, ఇకమీదట పేర్లలో ఏ గుర్తులైనా నిశ్చింతగా వాడుకోవచ్చనీ. కింద అతని పేరు. ఇద్దరు ముగ్గురు అభినందనలు కూడా రాశారు. ఆమె తెరిచి చూసింది. ఎక్కడెక్కడ పెట్టాలని చెప్పిందో అక్కడే, తను చూపించిన వరసలోనే ఉన్నాయి కొటేషన్లు. కోపంతో చెవులు వేడెక్కాయి. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద పార్కింగులో ఎవరో కారు వెనక్కి తీయలేక ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. అంతా అయ్యాక కూడా ఆ రెండు గుర్తులకున్న విలువ తను చెబితే లేదు, అతను పెడితే ఉంది.

తిరిగి వచ్చి కూర్చుంటే, చేయడానికి పని లేదు. పేర్లు తుడవక్కర్లేదు. తను చెప్పిన మాట నెగ్గిందంటే తన ఉద్యోగం పోయిందన్నమాట. అది తట్టి గట్టిగా నవ్వొచ్చింది, పక్క బల్లవాళ్ళు తలెత్తి చూశారు. లేచి నేరుగా డైరెక్టరమ్మ గదికి వెళ్ళింది.

"పేర్ల పని అయిపోయిందండీ. మైకక్క మళ్ళీ ఆ ఊళ్ళన్నీ తిరగాలి, చెప్పినవాళ్ళని మళ్ళీ అడగాలి. ఒక్కరివల్ల కాదు. నన్ను రికార్డింగుకి పంపండి."

డైరెక్టరమ్మ చదువుతున్న కాగితం పక్కన పెట్టింది. "ఇంట్లో కుదురుతుందా?" అంది.

ఆ ప్రశ్న తన భర్తని ఈ గదిలో ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. "కుదురుతుందండీ" అంది ఆమె.

ఇంట్లో చెబితే ముందు అత్తగారు, "పాపనెవరు చూస్తారు? నా కళ్ళ చుక్కలు?" అంది. ఆమె డాక్టరు రాసిచ్చిన చుక్కల సీసా తెచ్చి భర్త ముందు పెట్టింది. ఏ కంటికెన్ని, ఏ పూటకెన్ని అని చెప్పింది. పాపని బడిలో దింపే వేళ, వాళ్ళ టీచరు గది ఎటువైపో కూడా చెప్పింది. అతను సీసా వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. మీటింగు అయినప్పటినుంచీ ఆమెతో మాట్లాడనివాడు, ఆమె మంచం మీద బ్యాగు సర్దుతుంటే తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇంటర్వ్యూలో ఇదంతా అడుగుతారు, తెలుసా? ఒక్క మాట. ‘మర్చిపోయాను’ అంటే అయిపోయేది. అంత కష్టమైందా నీకు?"

ఆమె చేతిలో ఉన్న చీర మడత పూర్తిచేసింది.

"కష్టమేమీ కాలేదండీ" అంది. "నోట్లోకి వచ్చేసింది కూడా. అంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని భయమేసి ఆగాను."